కేలీకి వెళ్లాలా, సెషన్‌కి వెళ్లాలా? గేలిక్ ఆటపాటలకు మొదటిసారి వెళ్లేవారికి

గ్లాస్గోలో చదువుకుంటున్నవాళ్లకీ, డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నవాళ్లకీ, పిల్లల్ని చూడ్డానికి ఒకటి రెండు నెలలు వెళ్లిన అమ్మానాన్నలకీ ఎప్పుడో ఒకప్పుడు అనిపిస్తుంది, ఇక్కడి పాత సంగీతం, పాత డాన్స్ ఒక్కసారైనా దగ్గరగా చూడాలని. వెతకడం మొదలుపెట్టగానే కేలీ (కలిసి ఆడే, పాడే సభ), సెషన్ (పబ్‌లో బల్ల చుట్టూ చేరి వాయించుకోవడం), ఫ్లా (ఐర్లాండ్ సంగీత పండుగ), మోడ్ (స్కాట్లాండ్ గేలిక్ పాటల పోటీలు), స్క్వేర్ డాన్స్ అంటూ బోలెడు పేర్లు వస్తాయి. అన్నిటి మీదా గేలిక్ (స్కాట్లాండ్, ఐర్లాండ్‌ల పాత భాష, సంస్కృతి) సంప్రదాయమనే రాసి ఉంటుంది. కానీ వచ్చిన అతిథి నుంచి ఆశించేది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఒకచోట గోడకి ఆనుకుని నిలబడితే వెలితిగా ఉంటుంది. ఇంకోచోట లేచి చిందేస్తే వాయించేవాళ్లకి ఇబ్బంది. ఈ తేడా తెలియక వెళ్లినవాళ్లే "ఏముందక్కడ" అని నిరాశగా తిరిగొస్తారు. అది చాలా మంచి సంగీతం, దానికి అలా జరగకూడదు.

ముందు తేల్చుకోవాల్సినవి

ఊరు, తేదీ, టికెట్ ధర తర్వాత చూసుకోవచ్చు. ముందు తేలాల్సింది అక్కడ మీ పని ఏమిటన్నది. మీకు ఆడాలని ఉందా, కదలకుండా కూర్చుని వినాలని ఉందా, పాటలో గొంతు కలపాలని ఉందా? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు దొరికితే సగం పేర్లు వాటంతటవే పక్కకి పోతాయి.

రెండోది భాష. గేలిక్ వినాలన్న కోరికతో నగరంలో డాన్స్ హాలుకి వెళ్తే అది తీరదు. 2022 జనాభా లెక్కల ప్రకారం స్కాట్లాండ్‌లో ఎంతోకొంత గేలిక్ వచ్చినవాళ్లు సుమారు 1,30,000 మంది, అంటే 2.5 శాతం. ట్యూన్లు ఊరూరా పాకాయి గానీ భాష అలా పాకలేదు. ఐర్లాండ్‌లో కూడా ఐరిష్ రోజువారీ మాటగా ఉన్నది ప్రధానంగా గేల్టాక్ట్ అని పిలిచే కొన్ని ప్రాంతాల్లోనే. భాష కూడా కావాలనుకుంటే కాస్త దూరం వెళ్లక తప్పదు.

మూడోది, వెంట ఎవరున్నారు, రాత్రి ఎలా తిరిగొస్తారు. ఈ సభలు ఎక్కువగా రాత్రిపూటే. నగరంలో బస్సో ట్యాక్సీయో దొరుకుతుంది. కెనడాలోని కేప్ బ్రెటన్ పల్లెలో సొంత కారు లేకపోతే వెళ్లడమూ కుదరదు, రావడమూ కుదరదు.

| ఎక్కడ | మీ పని | గేలిక్ వినపడుతుందా | పిల్లలు, పెద్దవాళ్లతో | ముందస్తు ఏర్పాటు |
|---|---|---|---|---|
| నగరంలో డాన్స్ కేలీ | ఆడాలి | దాదాపు ఉండదు | హాలును బట్టి | టికెట్ ముందే కొనాలి |
| పబ్ సెషన్ | వినాలి | అరుదు, పాటల్లో మాత్రమే | పిల్లలతో కష్టం | అక్కర్లేదు |
| ఫ్లా | తిరగాలి, వినాలి | కొంత | పగలు చాలా బాగుంటుంది | బస ముందే చూసుకోవాలి |
| విల్లీ క్లాన్సీ వారం (ఐర్లాండ్‌లో వేసవి పాఠశాల) | నేర్చుకోవాలి, ఆడాలి | కొంత | ఆసక్తి ఉంటేనే | నెలల ముందే బస |
| మోడ్ | కూర్చుని వినాలి | నిండుగా | పెద్దవాళ్లకి బాగుంటుంది | బస ముందే చూసుకోవాలి |
| దీవుల్లో హాలు కేలీ | వినాలి, పల్లవి అందుకోవాలి | ఎక్కువ | అందరికీ | ఓడ, బస |
| కేప్ బ్రెటన్ | ఆడొచ్చు, వినొచ్చు | కొన్నిచోట్ల | అందరికీ | కారు తప్పనిసరి |

నగరంలో డాన్స్ కేలీ

మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను ముందు చెప్పేది దీన్నే. ఏమీ రానివాళ్లు వస్తారన్న లెక్కతోనే దీన్ని నడుపుతారు. వేదిక మీద ఫిడేల్, అకార్డియన్, డ్రమ్స్‌తో ఒక బ్యాండ్ ఉంటుంది. అడుగులు పిలిచి చెప్పే కాలర్ ఒకరు ఉంటారు. ప్రతి డాన్స్‌కీ ముందు సంగీతం లేకుండా అడుగులు నడిపించి చూపిస్తారు, ఆ తర్వాతే బ్యాండ్ మొదలవుతుంది. మొదటి రెండు రౌండ్లు తప్పుగా వెళ్లినా ఎవరూ పట్టించుకోరు. పక్కవాళ్లే భుజం పట్టి సరైన దిక్కుకి తిప్పేస్తారు.

కొన్ని డాన్సుల గురించి ముందే తెలిసుంటే టెన్షన్ తగ్గుతుంది. గే గోర్డన్స్‌లో జంటలు హాలు చుట్టూ వలయంగా నిలబడి ముందుకి నాలుగడుగులు, వెనక్కి నాలుగడుగులు వేస్తారు. సులువైనది, చాలాచోట్ల దీనితోనే మొదలుపెడతారు. డాషింగ్ వైట్ సార్జెంట్‌లో ముగ్గురికి ఎదురుగా ముగ్గురు నిలబడతారు. ఆరుగురూ చేతులు పట్టుకుని తిరిగి, ఎనిమిది అంకె ఆకారంలో అల్లుకుని, ఎదుటివాళ్లని దాటి తర్వాతి ముగ్గురి దగ్గరికి వెళ్తారు. జోడీ లేదని వెనకాడేవాళ్లకి, అమ్మానాన్నలతో వచ్చినవాళ్లకి ఇంతకన్నా మంచి డాన్స్ లేదు. ఇంట్లో ముగ్గురూ ఒక వరసలో నిలబడొచ్చు, అయినా హాలంతా పరిచయమైపోతుంది. స్ట్రిప్ ద విల్లో వేగంగా ఉంటుంది. మోచేయి మోచేయి పట్టుకుని గిర్రున తిరుగుతూ వరస పొడవునా వెళ్లాలి. ఆర్క్‌నీ దీవుల పద్ధతిలో అయితే హాలు మొత్తం రెండు పొడవాటి వరసలవుతుంది. నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు దీన్ని కూర్చుని చూడటం మంచిది. చూడ్డానికి కూడా అద్భుతంగా ఉంటుంది.

మనవాళ్లు కొందరు వెనకాడేది అడుగుల గురించి కాదు, పరిచయం లేనివాళ్ల చేతులు పట్టుకోవాల్సి రావడం గురించి. ఇది మొహమాటపడకుండా ముందే ఆలోచించుకోవాల్సిన విషయమే. చాలా డాన్సుల్లో జోడీలు మారుతూ ఉంటాయి. ఆడవాళ్లు ఆడవాళ్లతో, మగవాళ్లు మగవాళ్లతో ఆడటం అక్కడ మామూలే. ఎవరైనా ఆడదామని పిలిస్తే నవ్వుతూ "ఈ ఒక్కటి వద్దులెండి" అనొచ్చు, ఏమీ అనుకోరు. అయితే ఎవరితోనూ చేతులు కలపడం ఇష్టం లేకపోతే డాన్స్ కేలీ మీకు కాదు. కింద చెప్పిన సెషన్, మోడ్ మీకోసం ఉన్నాయి.

బట్టల సంగతి. కిల్టు (స్కాటిష్ మగవాళ్ల గళ్ల పావడా) కట్టుకోవాల్సిన పనిలేదు. అరగంటలో చెమటలు కారతాయి కాబట్టి లోపల పల్చటి కాటన్ వేసుకుని, పైన తీసేయగలిగే స్వెటర్ వేసుకోవడం తెలివైన పని. బూట్లు చదునుగా, గట్టిగా పట్టి ఉండాలి. హీల్స్ మీకూ ప్రమాదమే, పక్కవాళ్ల పాదాలకీ ప్రమాదమే. చీర కట్టుకుని ఆడొచ్చు గానీ కుచ్చిళ్లు కాస్త ఎత్తుగా పెట్టి, కొంగు నడుముకి గట్టిగా దోపుకోవాలి. చుడీదార్ అయితే చున్నీ ముడేసుకోండి. గాజు గాజులు తీసేయండి, మోచేతులు కలిసే డాన్సుల్లో అవి పగిలి గుచ్చుకుంటాయి. పొడవాటి గొలుసులు, మంగళసూత్రం జాకెట్టు లోపలికి వేసుకుంటే చాలు.

ఎప్పుడు దొరుకుతాయంటే, గ్లాస్గో, ఎడిన్‌బరాల్లో ఏడాది పొడవునా ఏదో ఒక హాల్లో ఉంటాయి. నవంబర్ 30 సెయింట్ ఆండ్రూస్ డే, డిసెంబర్ 31 హాగ్మనే, జనవరి 25 బర్న్స్ నైట్ (కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజు) చుట్టుపక్కల ఎక్కువ. యూనివర్సిటీల్లో కొత్త విద్యార్థుల కోసమూ పెడతారు. అక్కడ సగం మంది మీలాగే మొదటిసారి వచ్చినవాళ్లు కాబట్టి విద్యార్థులు దాన్ని వదులుకోవద్దు. ఆఫీసులో స్కాటిష్ స్నేహితుల పెళ్లికి పిలుపొస్తే సాయంత్రం విందు తర్వాత ఉండేది కూడా తరచు ఇదే.

పబ్ సెషన్

ఇక్కడ వేదిక ఉండదు, మైకు ఉండదు, కార్యక్రమ పత్రం ఉండదు. ఒక మూల బల్ల చుట్టూ ఫిడేల్, ఫ్లూట్, కన్సర్టీనా, మోచేతి కింద తిత్తి నొక్కి వాయించే ఇలియన్ పైప్స్, బౌరాన్ అనే చేతి డప్పు పట్టుకుని కొంతమంది కూర్చుంటారు. ఒకరు ట్యూన్ ఎత్తుకుంటారు, తెలిసినవాళ్లు కలుస్తారు, రెండు మూడు సార్లు తిప్పి ఆపకుండానే ఇంకో ట్యూన్‌లోకి మారిపోతారు. వాళ్లు ఒకరి కోసం ఒకరు వాయించుకుంటున్నారు, మనం పక్కన కూర్చునే భాగ్యం కలిగినవాళ్లం. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా మర్యాదలన్నీ దాన్నుంచే వస్తాయి.

బల్ల చుట్టూ ఖాళీ కుర్చీ కనిపించినా కూర్చోకూడదు, అది రాబోయే వాద్యకారులది. మొబైల్ వాళ్ల ముఖాల మీదికి పెట్టి వీడియో తీయకూడదు. తీయాలనిపిస్తే ట్యూన్ల మధ్య అడగాలి. ట్యూన్లు సాగుతుంటే పక్కవాళ్లతో మెల్లగా మాట్లాడుకోవచ్చు, కానీ ఎవరైనా వాద్యాలు లేకుండా ఒంటరిగా పాట ఎత్తుకున్నారంటే గ్లాసు చప్పుడు కూడా ఉండకూడదు. ఐరిష్‌లో పాడే షాన్-నోస్ పాట అలాంటిదే. గమకాలకి అలవాటుపడిన మన చెవికి ఆ గొంతు తిప్పుళ్లు వెంటనే పట్టుకుంటాయి. మీకు వయొలిన్ వచ్చినా సరే, మొదటి రోజే వాద్యం తీయకండి. విని, పరిచయం చేసుకుని, వాళ్లు రమ్మంటే వెళ్లండి. పెద్ద గుంపులో రెండో బౌరాన్‌కి చోటు ఇవ్వడానికి చాలామంది ఇష్టపడరని కూడా తెలుసుకోండి.

మందు తాగక్కర్లేదు. ఒక జ్యూసో సోడానో కాఫీయో కొనుక్కుని కూర్చోవచ్చు. ఏమీ కొనకుండా రెండు గంటలు కూర్చోవడం మాత్రం బాగోదు, ఆ పబ్ నడవబట్టే ఆ సంగీతానికి చోటుంది.

ఎక్కడ వినాలి? ఎడిన్‌బరాలో యూనివర్సిటీకి దగ్గర్లో ఉన్న శాండీ బెల్స్, డబ్లిన్‌లో స్మిత్‌ఫీల్డ్ దగ్గరి కాబుల్‌స్టోన్ రెండూ పేరున్నవి. కాబుల్‌స్టోన్ చుట్టూ హోటల్ కట్టాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు సంగీతకారులు వీధుల్లో వాయిస్తూ నిరసన తెలిపారు. 2021లో నగర కౌన్సిల్ ఆ అనుమతిని తిరస్కరించింది. క్లేర్ జిల్లాలో ఎన్నిస్, డూలిన్ ఊళ్లు సెషన్లకు పెట్టింది పేరు. డబ్లిన్ టెంపుల్ బార్‌లో కూడా రోజంతా సంగీతం ఉంటుంది గానీ అది ఎక్కువగా మైకు పెట్టి టూరిస్టుల కోసం పాడేది. సరదాకి బాగుంటుంది, సెషన్ ఎలా ఉంటుందో చూద్దామని వెళ్లేవాళ్లకి మాత్రం నేను చెప్పను.

పిల్లలున్నవాళ్లు ఒకటి గమనించాలి. ఐర్లాండ్‌లో చిన్నపిల్లల్ని రాత్రి 9 తర్వాత, మే నుంచి సెప్టెంబర్ వరకు 10 తర్వాత బార్లో ఉంచకూడదు. చాలా సెషన్లు మొదలయ్యేదే తొమ్మిదీ తొమ్మిదిన్నరకి. ఆదివారం మధ్యాహ్నం జరిగే సెషన్లు వెతుక్కుంటే ఈ ఇబ్బంది ఉండదు.

ఐర్లాండ్ పండుగలు: ఫ్లా, విల్లీ క్లాన్సీ

ఐరిష్ సంప్రదాయ సంగీతం కోసం పనిచేసే కోల్తస్ సంస్థ 1951లో ముల్లింగర్‌లో మొదలుపెట్టిన ఫ్లా హ్యోల్ ఇప్పుడు లక్షల మంది వచ్చే పండుగ. ఏటా ఆగస్టులో, కొన్నేళ్లకోసారి ఊరు మారుతూ జరుగుతుంది. జిల్లా, ప్రాంత స్థాయిలో గెలిచి వచ్చినవాళ్లు ఇక్కడ పోటీ పడతారు. పోటీల కన్నా వీధులే అసలు అందం. పదేళ్ల పిల్లలు అరుగుల మీద కూర్చుని గంటల తరబడి వాయిస్తుంటారు. డబ్బు పెట్టకుండా, పగటిపూట, పిల్లల చెయ్యి పట్టుకుని తిరగడానికి ఇంతకన్నా మంచిది లేదు. జనం తోపులాట, బస దొరక్కపోవడం దీని కష్టాలు.

దీనికి పూర్తిగా భిన్నమైనది జూలై మొదట్లో క్లేర్ తీరాన మిల్‌టౌన్ మాల్బే అనే చిన్న ఊళ్లో జరిగే విల్లీ క్లాన్సీ వేసవి పాఠశాల. ఆ ఊరి ఇలియన్ పైప్స్ విద్వాంసుడు విల్లీ క్లాన్సీ 1973లో చనిపోయారు, ఆ ఏడాది నుంచే ఇది ఆయన పేరు మీద నడుస్తోంది. పొద్దున వాద్యాల క్లాసులు, సెట్ డాన్స్ క్లాసులు, మధ్యాహ్నం ప్రసంగాలు, రాత్రి కేలీ. 1935లో ఐర్లాండ్ ప్రభుత్వం డాన్స్‌కి లైసెన్సు తప్పనిసరి చేశాక ఇళ్లలో, కూడళ్లలో ఆడే డాన్సులు బాగా దెబ్బతిన్నాయి. అలా మరుగున పడబోయిన సెట్లు మళ్లీ ఊపిరి పోసుకున్నది ఇలాంటి క్లాసుల్లోనే. నాలుగు జంటలు చదరంగా నిలబడి ఆడే సెట్ డాన్స్‌లో పాదాల పని ఎక్కువ, స్కాటిష్ కేలీ కన్నా కష్టం. క్లాసు చేయకుండా రాత్రి కేలీకి వెళ్లి నేరుగా సెట్‌లో నిలబడితే మిగతా ఏడుగురి ఆట చెడిపోతుంది. కూచిపూడో భరతనాట్యమో నేర్చుకున్నవాళ్లకి వారం రోజులు దొరికితే నా సలహా కళ్లు మూసుకుని ఇదే.

మోడ్, దీవుల్లో హాలు కేలీ

గేలిక్ భాషే మీకు ముఖ్యమైతే అక్టోబర్‌లో జరిగే రాయల్ నేషనల్ మోడ్‌కి వెళ్లండి. 1892లో ఓబన్‌లో మొదలైంది, ఏటా ఊరు మారుతుంది. ఇది పోటీల సభ. ఒంటరి పాటలు, పిల్లల పద్యాలు, గాయక బృందాలు. పాటకి సంగీతం మార్కులు వేరు, గేలిక్ మార్కులు వేరు వేస్తారు. గొంతు ఎంత బాగున్నా ఉచ్చారణ తప్పితే బంగారు పతకం రాదు. త్యాగరాజ కీర్తనలో మాట విరవడం గురించి పట్టింపున్న మనవాళ్లకి ఇది ఎంతో నచ్చుతుంది. నెమ్మదిగా కూర్చుని వినే అలవాటున్న అమ్మానాన్నలకీ ఇదే సరైనది. ఒకే పాటని పదిమంది పోటీదారులు పాడటం విసుగనిపించేవాళ్లు సాయంత్రం కచేరీలకి మాత్రమే వెళ్లొచ్చు. ఆఖరి రోజున బృందాలన్నీ కలిసి పాడేదాన్ని మాత్రం వదులుకోవద్దు.

స్కాట్లాండ్ పడమటి తీరాన లూయిస్, యూయిస్ట్, బారా దీవుల్లో ఊరి హాలు కేలీ ఇంకో రకం. పూర్వం చలికాలం రాత్రుళ్లు ఒకరి ఇంట్లో చేరి కథలు, పాటలు, కబుర్లతో గడిపిన అలవాటుకి ఇది దగ్గర. పాటలుంటాయి, మధ్యలో టీ, ఇంట్లో చేసిన కేకులు ఉంటాయి, కొన్నిసార్లు చివర్లో డాన్స్ ఉంటుంది. పల్లవి అందుకోమంటే అందుకోండి. ఉన్ని బట్టని బల్ల మీద లయగా కొడుతూ ఆడవాళ్లు పాడుకున్న పాటలు ఇక్కడివే. ఒకరు చరణం పాడితే మిగతావాళ్లు పల్లవి అందుకునే ఆ పద్ధతి మన నాట్ల పాటల్లాగే ఉంటుంది, అందుకే మొదటిసారే నోట పట్టుకుంటుంది.

లూయిస్‌లో ఆదివారం విశ్రాంతి దినాన్ని గట్టిగా పాటిస్తారు. స్టోర్నోవే నుంచి ఆదివారం ఓడ నడపడమే 2009లో మొదలైంది. శనివారం రాత్రి కార్యక్రమాలు పన్నెండు లోపు ముగుస్తాయి, ఆదివారం దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి. తిండి సామాను శనివారమే కొనుక్కోవాలి.

కేప్ బ్రెటన్

కేప్ బ్రెటన్ కెనడాలో నోవా స్కోషియాలోని ద్వీపం. అక్కడికి వలస వెళ్లిన స్కాట్లాండ్ కొండప్రాంతపు (హైలాండ్) కుటుంబాలు 18వ శతాబ్దం చివరి నుంచి తమ ఫిడేలు పద్ధతిని అక్కడ నిలబెట్టుకున్నాయి. ఫిడేలు, పక్కన పియానో, అంతే. గ్లెన్‌కో మిల్స్, వెస్ట్ మాబూ హాళ్లలో జరిగే స్క్వేర్ డాన్సులకి తాతలూ మనవలూ కలిసే వస్తారు. బడ్డీ మెక్‌మాస్టర్ వంటి గొప్ప ఫిడేలు విద్వాంసుడు ఇలాంటి హాళ్లలోనే దశాబ్దాల పాటు వాయించారు. ఇక్కడ కాలర్ సాధారణంగా ఉండరు. మొదటి సెట్ కూర్చుని చూసి, రెండో సెట్‌లో తెలిసినవాళ్ల వెనక నిలబడితే వాళ్లే నడిపిస్తారు. మధ్యలో ఫిడేలు లయ మారగానే ఒక్కొక్కరే ముందుకొచ్చి స్టెప్ డాన్స్ చేస్తారు. చేతులు నిశ్చలంగా ఉంటాయి, పాదాలే మాట్లాడతాయి. అప్పుడు మాత్రం మనం దారి వదిలి చూడాలి.

1997లో మొదలైన సెల్టిక్ కలర్స్ ఉత్సవం అక్టోబర్‌లో తొమ్మిది రోజులు, ఆకులు ఎర్రబడే కాలంలో, ద్వీపమంతటా జరుగుతుంది. అక్కడి సిడ్నీ ఊళ్లోని కేప్ బ్రెటన్ యూనివర్సిటీలో చదివే మన పిల్లలకి ఇది ఇంటి ముందు పండుగ. నలుగురు కలిసి కారు మాట్లాడుకుంటే చాలు. రోడ్డు మీద రాత్రిపూట మూస్ అనే పెద్ద దుప్పి జాతి జంతువులు అడ్డం వస్తాయి, తిరిగి వచ్చేటప్పుడు నెమ్మదిగా నడపాలి. కేవలం దీనికోసం ఇండియా నుంచి వెళ్లడం మాత్రం ఖర్చుకి తగ్గది కాదు. టొరంటోలోనో హాలిఫాక్స్‌లోనో బంధువులుంటే ఆలోచించండి.

ఎవరికి ఏది

ఒంటరిగా వెళ్లే విద్యార్థికి నగర కేలీ. మూడు గంటల్లో ముప్ఫై మందితో మాట్లాడతారు, పరాయి ఊళ్లో అది చిన్న సంగతి కాదు. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లు ముందు సెషన్‌కి వెళ్లండి, డాన్స్ తర్వాత చూసుకోవచ్చు. ట్యూన్ల రకాలైన రీల్, జిగ్, తొమ్మిది మాత్రల స్లిప్ జిగ్ మధ్య తేడాని చేత్తో తాళం వేసుకుంటూ గంటలో పట్టేయగలరు. చిన్నపిల్లలుంటే ఫ్లా పగటిపూట, లేదా కేప్ బ్రెటన్ హాలు. అరవై దాటిన అమ్మానాన్నలకి మోడ్ సాయంత్రం కచేరీ. అక్టోబర్ దాకా ఉండకపోతే ఎడిన్‌బరాలోనో గ్లాస్గోలోనో మధ్యాహ్నం సెషన్. వాళ్లని డాన్స్ కేలీకి తీసుకెళ్లాలనుంటే కుర్చీలు, బల్లలు ఉన్న హాలేనా అని ముందే కనుక్కోండి, కొన్నిచోట్ల కూర్చునే చోటు చాలా తక్కువ.

తిండి విషయంలో శాకాహారులకి బర్న్స్ నైట్ విందులో తరచు శాకాహార హాగిస్ (మామూలుగా గొర్రె మాంసంతో చేసే స్కాటిష్ వంటకం) దొరుకుతుంది, టికెట్ కొనేటప్పుడే చెప్పాలి. పల్లె పబ్బుల్లో వంటగది రాత్రి త్వరగా మూసేస్తారు కాబట్టి తినేసి వెళ్లడం మేలు.

వీసా సంగతి చివర్న చెప్తున్నా గానీ టికెట్ల కన్నా ముందే చూసుకోవాలి. బ్రిటన్ వీసా, ఐర్లాండ్ వీసా వేరు వేరు. భారతీయులకి ఇచ్చే కొన్ని విజిట్ వీసాల మీద బీఐవీఎస్ (బ్రిటిష్-ఐరిష్ వీసా పథకం) అని ఉంటుంది. అది ఉంటే ముందు వీసా ఇచ్చిన దేశంలో దిగి, తర్వాత రెండో దేశానికీ వెళ్లొచ్చు. బ్రిటన్‌లో స్టూడెంట్‌గానో ఉద్యోగం మీదో ఉంటున్నవాళ్లకి ఈ సౌకర్యం వర్తించదు. వాళ్లకి ఐరిష్ సంగీతం వినాలనుంటే బెల్‌ఫాస్ట్, డెర్రీ ఉన్నాయి. ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్ కిందికే వస్తుంది, సెషన్లూ బాగుంటాయి. 2013లో ఫ్లా డెర్రీలో జరిగింది, 2026కి బెల్‌ఫాస్ట్‌ని ఎంచుకున్నారు. స్కాట్లాండ్‌లో కెయిర్న్‌రయన్ నుంచి బెల్‌ఫాస్ట్‌కి నేరుగా ఓడ ఉంది. డబ్లిన్ మీదుగా వెళ్లే టికెట్ మాత్రం తీసుకోవద్దు.